మా కాంక్రీటు కొంప

అమెరికా బేస్‌బాల్‌లో అందరూ వెక్కిరించిన స్టేడియం ఓక్లాండ్ కొలీజియం. 57 సీజన్లు అక్కడే ఆడిన జట్టు 2024లో మూటాముల్లె సర్దుకుంది. రెండు డాలర్ల టికెట్‌తో ఆ ఆట నేర్చుకున్న ఒక తెలుగు అభిమాని జ్ఞాపకాలు.

ఫ్రీమాంట్‌లో బార్ట్ రైలెక్కితే అరగంటలో కొలీజియం స్టేషన్ వస్తుంది. దిగగానే పొడవాటి కాలినడక వంతెన. రెండు పక్కలా ఇనుప వల, కింద రైలు పట్టాలు, పాత ఇనుము గోదాములు, కంటెయినర్ లారీలు. మ్యాచ్ ఉన్న రోజుల్లో ఆ వంతెన మన తిరునాళ్ల దారిలా ఉండేది. ఐస్ పెట్టెలో మంచినీళ్ల సీసాలు, పొట్లాల్లో వేరుశనక్కాయలు, తోపుడు బండి మీద ఉల్లిపాయలు వేగుతున్న వాసన, పాత దుప్పటి మీద పరిచిన ఆకుపచ్చ, పసుపు టీషర్టులు. స్టేడియం లోపల అయిదారు డాలర్లు పలికే నీళ్ల సీసా ఇక్కడ ఒక డాలరే. బేరాలు సాగుతుండగానే వంతెన చివర బూడిద రంగు కాంక్రీటు గిన్నె ఒకటి కనబడేది. అందంగా ఉందని దాన్ని ఎవరూ పొగడగా నేను వినలేదు.

అమెరికాలో బేస్‌బాల్ స్టేడియాలకు తీర్థయాత్రలు చేసేవాళ్లున్నారు. బోస్టన్‌లో 1912 నాటి ఫెన్‌వే పార్కు, షికాగోలో 1914 నాటి రిగ్లీ ఫీల్డు వాళ్లకు కాశీ, రామేశ్వరాలు. ఓక్లాండ్‌కు ఎదురుగా, అఖాతం అవతలి ఒడ్డున శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్ 2000లో నీళ్లను ఆనుకుని కొత్త స్టేడియం కట్టుకున్నారు. అక్కడ గట్టిగా కొట్టిన బంతి వెళ్లి అఖాతంలో పడుతుంది, చిన్న పడవల్లో కాచుకున్నవాళ్లు దానికోసం ఎగబడతారు. ఫోటోలకు భలే ఉంటుంది. మా కొలీజియంలో గట్టిగా కొట్టిన బంతి వెళ్లి ఖాళీ కుర్చీకి తగిలి టంగుమనేది. మేజర్ లీగ్‌లో అది ఒక్కచోటే వినిపించే శబ్దమని నా స్నేహితుడు గొప్పగా చెప్పుకునేవాడు.

ఈ స్టేడియం 1966లో తెరుచుకుంది. మొదట వచ్చింది బేస్‌బాల్ కాదు, అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు రైడర్స్. 1901లో ఫిలడెల్ఫియాలో పుట్టి, 1955లో కాన్సస్ సిటీకి మారిన అథ్లెటిక్స్ జట్టు 1968లో మళ్లీ పెట్టేబేడా సర్దుకుని ఓక్లాండ్ చేరింది. ముద్దుపేరు ‘ఏస్’. జట్టు చిహ్నం ఏనుగు. దాని వెనుక చిన్న కథ ఉంది. 1902లో న్యూయార్క్ జట్టు మేనేజర్ జాన్ మెక్‌గ్రా ఈ జట్టును పోషించడమంటే తెల్ల ఏనుగును మేపడమేనని ఎగతాళి చేశాడట. వీళ్లు ఉక్రోషపడకుండా ఆ ఏనుగునే తీసుకుని జెర్సీ మీద కుట్టుకున్నారు. వెక్కిరింతను బిళ్లగా తగిలించుకోవడం ఆ జట్టుకు మొదటినుంచీ అలవాటే.

నేను ఫ్రీమాంట్ చేరింది 2000లో. ఆ ఊళ్లో తెలుగువాళ్లకు కొదవలేదు. నలుగురం బ్రహ్మచారులం రెండు గదుల అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్లం. శనివారం భారతీయ సినిమాలు ఆడే నాజ్ థియేటర్, ఆదివారం కూరగాయలు, మిగతా అయిదు రోజులు ఆఫీసు. ఓక్లాండ్ గురించి మాకు తెలిసిందల్లా చీకటి పడ్డాక అటు వెళ్లొద్దన్న హెచ్చరిక ఒక్కటే. 2001లో డాట్‌కామ్ బుడగ పేలింది. నేను పనిచేస్తున్న చిన్న కంపెనీ ఒక గురువారం మధ్యాహ్నం మూతపడింది. వీసా గడియారం టిక్కుటిక్కుమంటోంది, ఫోన్ మోగదు. పగలంతా రెస్యూమేలు పంపి సాయంత్రానికి గోడలు చూస్తూ కూర్చునేవాణ్ని. అప్పుడొక రూమ్మేట్ లాక్కెళ్లాడు. ఆ దశాబ్దంలో బుధవారాల్లో పైఅంతస్తు టికెట్ ఒకటి రెండు డాలర్లకే దొరికేది. సినిమా టికెట్ కంటే చవక. పైగా మూడు గంటలు.

క్రికెట్ తప్ప ఏమీ తెలియని కళ్లకు బేస్‌బాల్ మొదట్లో అర్థంలేని తంతు. బంతి నేలమీద పడకుండానే వేస్తాడు. బ్యాటర్ కొడితే బ్యాటు పారేసి పరుగెత్తుతాడు. మధ్యలో అందరూ లేచి నిలబడి పాట పాడతారు. మూడో బుధవారమో నాలుగో బుధవారమో మా వెనక వరసలో ఒక పెద్దావిడ ఒళ్లో అట్ట పెట్టుకుని పెన్సిల్‌తో ఏవో గళ్లు నింపుతూ కనిపించింది. ఏమిటని అడిగాను. రిటైరైన పోస్టాఫీసు ఉద్యోగి. 1968 నుంచీ వస్తున్నానంది. ఆవిడే నా గురువు.

ఆటగాళ్లకు కాదు, స్థానాలకు నంబర్లుంటాయని ఆవిడ నేర్పింది. బంతి వేసే పిచర్ 1, వెనక పట్టుకునే క్యాచర్ 2, అలా కుడివైపు చివరి ఫీల్డర్ 9 దాకా. 6-4-3 అని రాస్తే షార్ట్‌స్టాప్ బంతి అందుకుని రెండో బేస్‌కు విసిరాడు, అక్కడినుంచి మొదటి బేస్‌కు వెళ్లింది, ఇద్దరు ఔటయ్యారని అర్థం. మూడు స్ట్రయిక్‌లకు ఔటయితే ‘కె’. బ్యాటు ఊపకుండా చూస్తూ నిలబడి ఔటయితే అదే ‘కె’ని తిరగేసి రాస్తారు. ఎందుకని అడిగితే, ‘సిగ్గు అటువైపు తిరిగింది కదా’ అంది. మ్యాచ్ మొత్తం ఒక్క కాగితం మీద ఎక్కుతుంది. నలభై ఏళ్ల తర్వాత తీసి చూసినా ఏ బంతి ఎక్కడికి వెళ్లిందో చెప్పొచ్చు. మా నాన్న తెనాలిలో రేడియో కామెంటరీ వింటూ లెక్కల పుస్తకం వెనక అట్ట మీద స్కోరు రాసేవారు. ఆ పెన్సిల్ చప్పుడు దగ్గర నాకు ఆట అర్థమైంది.

బయటి తిండి లోపలికి తెచ్చుకోవచ్చు. శాకాహారులమైన మా ఇద్దరికి అదొక వరం. స్టేడియంలో మాకు పనికొచ్చేవి వేరుశనక్కాయలు, వెల్లుల్లి దట్టించిన ఆలూ వేపుడు మాత్రమే. అందుకని డబ్బాలో పులిహోర తెచ్చుకునేవాళ్లం. ఆవిడకూ పెట్టాం. ఎండుమిరపకాయ కూడా నమిలేసి, కళ్లనీళ్లు తుడుచుకుంటూనే ఇంకో ముద్ద అడిగింది. తర్వాతి బుధవారం నుంచి తనవంతు వేరుశనక్కాయలు మాకు ఖాయం.

2002 గురించి కాస్త ఆగి చెప్పాలి. ఆ ఏడాది ఏస్ ఆటగాళ్ల జీతాల మొత్తం దాదాపు 4 కోట్ల డాలర్లు. న్యూయార్క్ యాంకీస్‌ది 12 కోట్ల పైచిలుకు. ఓక్లాండ్‌లో మెరిసిన ఆటగాణ్ని పెద్ద నగరాలు ఎక్కువ జీతమిచ్చి ఎగరేసుకుపోవడం మామూలే. అంతకుముందు చలికాలంలోనే జట్టులోకెల్లా గట్టి బ్యాటర్ జేసన్ జియాంబీ యాంకీస్‌కు వెళ్లిపోయాడు. జనరల్ మేనేజర్ బిల్లీ బీన్ ఇతరులు పక్కనపెట్టిన ఆటగాళ్లను అంకెల లెక్కతో ఏరుకున్నాడు. వాళ్లలో స్కాట్ హ్యాటెబర్గ్ ఒకడు. క్యాచర్‌గా ఆడేవాడు, మోచేతి నరం దెబ్బతిని బంతి సరిగ్గా విసరలేని స్థితికి వచ్చాడు. అతణ్ని తెచ్చి ఎన్నడూ ఆడని మొదటి బేస్‌లో నిలబెట్టారు. ఈ కథే 2003లో ‘మనీబాల్’ పుస్తకమైంది, 2011లో బ్రాడ్ పిట్ సినిమా అయింది. సిలికాన్ వ్యాలీ తెలుగువాళ్లకు ఆ సినిమా తెగ నచ్చింది. మరి డేటాబేస్ హీరోగా ఉన్న సినిమా కదా.

ఆగస్టు మధ్యలో మొదలైన గెలుపు ఆగలేదు. పది, పదిహేను, పందొమ్మిది. సెప్టెంబర్ 4, బుధవారం రాత్రి కాన్సస్ సిటీతో ఇరవయ్యోది. ఎప్పుడూ కాళ్లు చాపుకుని కూర్చునే మా పైఅంతస్తులో ఆ రోజు మోకాలు మోకాలికి తగిలింది. మొత్తం 55,528 మంది. మూడో ఇన్నింగ్స్ అయ్యేసరికి స్కోరు 11-0. ఇక చూడ్డానికేముంది, రద్దీ పెరక్కముందే రైలందుకుందామన్నాడు రూమ్మేట్. పోస్టాఫీసు బామ్మ పెన్సిల్ ఎత్తి కూర్చోమన్నట్టు సైగ చేసింది.

తర్వాత జరిగింది ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు. కాన్సస్ సిటీ పరుగులు ఏరుకుంటూ వచ్చింది. అయిదు, పది. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో 11-11. యాభై అయిదు వేల మంది ఒకేసారి నోళ్లు మూసుకుంటే ఎలా ఉంటుందో ఆ రాత్రి విన్నాను. గాలికి జెండా తాడు స్తంభానికి కొట్టుకోవడం వినిపించింది. ఏస్ చివరి అవకాశంలో, ఒకడు ఔటయ్యాక హ్యాటెబర్గ్ వేరొకరి బదులు బ్యాటుతో వచ్చాడు. రెండో బంతి. కుడివైపు మధ్యన కంచె మీదుగా వెళ్లిపోయింది. 12-11.

కాంక్రీటు ఊగడం నాకు కాళ్ల కింద తెలిసింది. భూకంపాల నేల, భయపడాల్సింది. ఎవరూ భయపడలేదు. ఎవరెవరో నన్ను కావలించుకున్నారు, నేనూ ఎవరెవర్నో కావలించుకున్నాను. అప్పటికి నాకు ఉద్యోగం దొరికి నాలుగు నెలలు. అమెరికా వచ్చిన రెండేళ్లలో ముక్కూమొహం తెలియనివాళ్లు నన్ను హత్తుకోవడం అదే మొదలు. రైల్లో ఫ్రీమాంట్ దాకా పాటలే. అమెరికన్ లీగ్‌లో 20 వరస గెలుపుల రికార్డు 2017లో క్లీవ్‌లాండ్ 22 గెలిచేదాకా నిలిచింది. కానీ ఆ జట్టు 2000 నుంచి 2003 దాకా వరసగా నాలుగేళ్లూ ప్లేఆఫ్ మొదటి దశలో అయిదో మ్యాచ్ ఓడి ఇంటికొచ్చింది. దాని గురించి ఎక్కువ రాయను. అభిమానులకు తెలుసు, మిగతావాళ్లకు అక్కర్లేదు.

ఇంతకీ ఆ స్టేడియం ఎందుకంత వికారంగా తయారైంది? పాత ఫోటోలు చూస్తే మొదట్లో అలా లేదు. ఎదురుగా కంచె వెనక ఖాళీ, ఆ ఖాళీలోంచి ఓక్లాండ్ కొండలు, సాయంత్రం ఎండలో బంగారు రంగులో గడ్డి. 1982లో లాస్‌ఏంజెలెస్‌కు వెళ్లిపోయిన రైడర్స్ 1995లో తిరిగొచ్చినప్పుడు వాళ్లకోసం సరిగ్గా ఆ ఖాళీలోనే ఆకాశమంత ఎత్తున సీట్ల గోడ కట్టారు. కొండలు మాయం. రైడర్స్ యజమాని ఆల్ డేవిస్ పేరు మీద జనం దానికి ‘మౌంట్ డేవిస్’ అని పేరు పెట్టారు. కొండను దాచిన గోడకు కొండ పేరు. బేస్‌బాల్‌కు ఆ సీట్లు ఎప్పుడూ నిండేవి కావు. 2006లో పైఅంతస్తు మొత్తానికి ఆకుపచ్చ టార్పాలిన్లు కప్పేశారు. మా రెండు డాలర్ల సీట్లు కూడా దాని కిందికే పోయాయి. మేం కింది అంతస్తుకు దిగాల్సి వచ్చింది, టికెట్ ధర మాత్రం పైకెక్కింది.

మైదానం సముద్రమట్టానికి దాదాపు 20 అడుగుల దిగువన ఉంటుంది. 2013 జూన్‌లో ఒక ఆదివారం మ్యాచ్ అయ్యాక మురుగు వెనక్కి తన్ని ఆటగాళ్ల గదుల్లోకి వచ్చింది. రెండు జట్లూ తువ్వాళ్లు భుజాన వేసుకుని పైనున్న రైడర్స్ గదులకు స్నానానికి వెళ్లాయి. దేశమంతా నవ్వింది. మేమూ నవ్వాం, కానీ మా ఇంటి గురించి మేం నవ్వుకోవడం వేరు, పక్కింటివాళ్లు నవ్వడం వేరు.

కొలీజియానికి ఉన్న ఒక విచిత్రం వల్లే నా రెండో గొప్ప రోజు వచ్చిందనుకుంటాను. బేస్‌బాల్ మైదానం ఒక చీలికలా ఉంటుంది. రెండు గీతల మధ్య పడ్డ బంతే లెక్క, బయట పడితే ‘ఫౌల్’. కానీ గీత బయట గాల్లో ఉన్న బంతిని పట్టినా బ్యాటర్ ఔటే. చాలా స్టేడియాల్లో సీట్లు గీతను ఆనుకుని ఉంటాయి కాబట్టి ఆ బంతి జనంలో పడి బ్యాటర్ బతికిపోతాడు. ఫుట్‌బాల్ కోసం కూడా గుండ్రంగా కట్టిన కొలీజియంలో గీత బయట ఎకరాల కొద్దీ ఖాళీ. మేజర్ లీగ్‌లో అంత జాగా మరెక్కడా లేదు. కాబట్టి అది పిచర్ల స్వర్గం.

2010 మే 9 ఆదివారం, అమెరికాలో మాతృదినోత్సవం. అమ్మా నాన్నా తెనాలి నుంచి వచ్చి రెండు వారాలైంది. నాన్న టీవీలో క్రికెట్ లేక దిగాలుగా ఉన్నారు, తీసుకెళ్లాను. ప్రత్యర్థి టాంపా బే రేస్, అప్పటికి లీగ్‌లో అందరికంటే ముందున్న జట్టు. మొత్తం 12,228 మంది ప్రేక్షకులు, అంటే సగం పైన ఖాళీ. అమ్మల గౌరవార్థం కొందరు ఆటగాళ్లు గులాబీ రంగు బ్యాట్లతో దిగారు. అమ్మకు ఆ ఒక్కటీ నచ్చింది. డాలస్ బ్రేడెన్ బంతి వేస్తున్నాడు. పక్కనున్న స్టాక్టన్ ఊరి కుర్రాడు. వేగం అంతగా లేని ఎడమచేతివాటం పిచర్. హైస్కూల్లో ఉండగా తల్లి క్యాన్సర్‌తో పోతే అమ్మమ్మ దగ్గర పెరిగాడు.

నాలుగో ఇన్నింగ్స్‌లో నాన్న అడిగారు: ‘ఇంతవరకూ వాళ్లవాడు ఒక్కడైనా మొదటి బేస్ ఎక్కాడట్రా?’ ఆయన అప్పటికే జేబులో ఉన్న రైలు టికెట్ వెనక గీతలు గీసుకుంటున్నారు. నేను ష్‌ అన్నాను. పిచర్ ఎవర్నీ బేస్ ఎక్కనివ్వకుండా వేస్తుంటే ఆ మాట పైకి అనకూడదని బేస్‌బాల్ మూఢనమ్మకం. శాస్త్రాల ఇంట్లో పెరిగిన అమ్మకు అది వెంటనే అర్థమైంది. ‘దిష్టి తగుల్తుంది, ఊరుకోండి’ అని నాన్నను కసిరింది.

ఏడు, ఎనిమిది. కుడివైపు గ్యాలరీలో డప్పుల గుంపు ఉండేది. ఖాళీ స్టేడియంలో వాళ్ల మోత రెట్టింపుగా వినిపించేది, ఆ రోజు మాత్రం బంతి వేసే ముందు వాళ్లూ ఆపేసేవారు. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో రెండు ఔట్లు. గేబ్ కాప్లర్ కొట్టిన బంతి నేలమీద షార్ట్‌స్టాప్ దగ్గరికి దొర్లింది. అతను మొదటి బేస్‌కు విసిరాడు. 27 మంది వచ్చారు, 27 మందీ ఔట్. దాన్ని పర్ఫెక్ట్ గేమ్ అంటారు. అప్పటికి నూరేళ్లు దాటిన మేజర్ లీగ్ చరిత్రలో అది 19వది. ఇదే మైదానంలో ఏస్ పిచర్ క్యాట్‌ఫిష్ హంటర్ 1968 మే 8న ఆ పని చేశాడు, జట్టు ఓక్లాండ్ వచ్చిన నెలకే. చూసినవాళ్లు 6,298 మంది. రెండు పర్ఫెక్ట్ గేమ్‌ల ప్రేక్షకుల్నీ కలిపినా స్టేడియం సగం నిండదు. తర్వాత కలిసిన ప్రతి అభిమానీ ఆ రోజు నేనక్కడే ఉన్నానని చెబుతాడు.

జనం మైదానం వైపు చూస్తూ అరుస్తున్నారు. అమ్మ మాత్రం ఒకేచోట చూస్తోంది. నెరిసిన జుట్టావిడ ఒకావిడ గడ్డిలోకి వచ్చి ఆ కుర్రాణ్ని పట్టుకుంది, అతను ఆమె భుజంలో మొహం దాచుకున్నాడు. ‘ఎవర్రా ఆవిడ?’ అంది అమ్మ. చెప్పాను. అమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. నాన్న రైలు టికెట్ మడిచి జేబులో పెట్టుకుంటూ ‘యాభై ఓవర్లూ మెయిడెన్లు వేసినట్టే కదరా’ అన్నారు. ఇంతకంటే మంచి నిర్వచనం నేను ఇంగ్లిష్‌లో చదవలేదు. నాన్న ఇప్పుడు లేరు. ఆ టికెట్ ముక్క అమ్మ దేవుడి గూట్లో ఉంది.

నేను చూడనివి, బామ్మ నోట విన్నవి చాలా ఉన్నాయి. 1972, 73, 74లో వరసగా మూడు ప్రపంచ సిరీస్ టైటిళ్లు. 1989లో శాన్‌ఫ్రాన్సిస్కోతో ఫైనల్ ఆడుతుండగా అక్టోబర్ 17న భూకంపం. ఓక్లాండ్‌లో రెండంతస్తుల ఫ్రీవే కూలి పదుల మంది పోయారు. పది రోజుల విరామం తర్వాత ఆడి ఏస్ గెలిచింది, ఊరేగింపు చేసుకునే మనసు మాత్రం ఎవరికీ లేకపోయింది. ఇక ఉప్పల్ స్టేడియంలో జనం వరసగా లేచి కూర్చునే ‘మెక్సికన్ వేవ్’ ఉందే, అది కూడా మెక్సికోలో పుట్టలేదు. 1981 అక్టోబర్ 15న యాంకీస్‌తో మ్యాచ్‌లో క్రేజీ జార్జ్ అనే చీర్‌లీడర్ డప్పు కొడుతూ ఒక్కో గ్యాలరీనీ లేపి కొలీజియంలోనే నడిపించాడు. సియాటిల్‌వాళ్లు మేమే ముందంటారు. తేదీలు మావైపు ఉన్నాయి.

అన్నిటికీ మించి రికీ హెండర్సన్. ఓక్లాండ్ వీధుల్లో పెరిగినవాడు. పిచర్ చూడకుండా ఒక బేస్ నుంచి ఇంకో బేస్‌కు పరుగు దొంగిలించడంలో అతన్ని మించినవాడు లేడు. 1991 మే 1న ఇక్కడే 939వ బేస్ దొంగిలించి పాత రికార్డు బద్దలుకొట్టాడు. ఆ బేస్‌ను నేలలోంచి పెకలించి తలపైకెత్తి పట్టుకున్నాడు. మొత్తం 1,406తో ముగించాడు. దరిదాపుల్లో ఎవరూ లేరు. 2017లో మైదానానికి అతని పేరే పెట్టారు.

జట్టు ఊరొదిలి పోవడం మనకు బాగా తెలియని బాధ. హైదరాబాద్‌లో క్రికెట్ ఫతేమైదాన్ నుంచి ఉప్పల్‌కు మారింది, ఊరు మారలేదు. డెక్కన్ చార్జర్స్ 2012లో పోయినా సన్‌రైజర్స్ వచ్చింది. అమెరికాలో జట్టు యజమాని సొత్తు. నగరం పేరు జెర్సీ మీద ఉంటుంది కానీ పట్టా యజమాని జేబులో ఉంటుంది. ఓక్లాండ్‌లో బాస్కెట్‌బాల్ జట్టు వారియర్స్ 2019లో శాన్‌ఫ్రాన్సిస్కోకు వెళ్లింది. 2020లో రైడర్స్ లాస్‌వెగాస్‌కు. చివరికి మిగిలిన ఏస్ కోసం రేవు దగ్గర కొత్త స్టేడియం కట్టాలని ఏళ్ల తరబడి చర్చలు నడిచాయి. 2023 ఏప్రిల్‌లో జట్టు లాస్‌వెగాస్‌లో స్థలం చూసుకున్నామని ప్రకటించింది. జనం రావడం లేదు కాబట్టి పోతున్నామన్నది వాదన. మంచి ఆటగాళ్లనందర్నీ అమ్మేసి టికెట్ రేటు పెంచితే జనం ఎలా వస్తారన్నది మా వాదన.

ఆ ఏడాది జూన్ 13న అభిమానులు చిత్రమైన నిరసన చేశారు. రాకుండా బహిష్కరించడం అందరూ చేసేదే, వీళ్లు వచ్చి బహిష్కరించారు. మంగళవారం, లీగ్‌లో అట్టడుగు జట్టు, అయినా 27,759 మంది. అందరికీ ఆకుపచ్చ టీషర్టులు, దాని మీద ‘అమ్మెయ్’ అని ఒకే మాట. అయిదో ఇన్నింగ్స్‌లో మొదటి బ్యాటర్ ఆడినంతసేపూ మౌనం, ఆ తర్వాత జట్టు అమ్మెయ్యమని స్టేడియం దద్దరిల్లింది. మేం 2-1తో గెలిచాం. అదే రోజు కొత్త స్టేడియానికి 38 కోట్ల డాలర్ల ప్రజాధనం ఇచ్చే బిల్లును నెవాడా సెనేట్ ఆమోదించింది. నవంబర్‌లో మిగతా జట్ల యజమానులు తరలింపునకు ఓటేశారు.

2024 సెప్టెంబర్ 26, గురువారం మధ్యాహ్నం చివరి మ్యాచ్. మా అమ్మాయికి స్కూలు ఎగ్గొట్టించి తీసుకెళ్లాను. మా ఆవిడ కూడా సెలవు పెట్టింది. వంతెన మీద నడవడానికి అరగంట పట్టింది. టీషర్టులవాళ్లు, నీళ్లవాళ్లు, ఉల్లిపాయల బండివాళ్లు, అందరూ ఉన్నారు. రేపటి నుంచి వీళ్లేం చేస్తారని మా అమ్మాయి అడిగింది. నా దగ్గర జవాబు లేదు. పత్రికలు యజమాని గురించి, నగరపాలక సంస్థ గురించి పేజీలు రాశాయి. ఈ బండ్ల గురించి రాసింది తక్కువ.

లోపల 46,889 మంది. ఒకప్పటి పిచర్ బ్యారీ జీటో జాతీయగీతం పాడాడు. ఓక్లాండ్‌లోనే పెరిగిన రికీ హెండర్సన్, డేవ్ స్టూవర్ట్ లాంఛనంగా మొదటి బంతులు విసిరారు. టెక్సాస్ మీద ఏస్ 3-2తో గెలిచింది. ఆఖరి ఔట్ పడ్డాక ఎవరూ కదల్లేదు. మేనేజర్ మార్క్ కాట్సే ఆటగాళ్లతో బయటికొచ్చి మైకు పట్టుకుని ధన్యవాదాలు చెప్పాడు. ఆఖరుసారి ఊరి పేరు నినాదం ఇచ్చాడు. మైదానం చూసుకునే సిబ్బంది బేస్‌ల దగ్గరి ఎర్రమట్టిని అడిగినవాళ్లకల్లా గ్లాసుల్లో పోసి ఇచ్చారు. మా అమ్మాయి పులిహోర డబ్బా ఖాళీ చేసి చాచింది. స్టీలు డబ్బా చూసి అతను కొంచెం ఎక్కువే పోశాడు. ఆ మట్టి ఇప్పుడు మా కిటికీలో ఉంది. తులసి మొక్కకు వేద్దామని మా ఆవిడ అంటుంది, నేను వద్దంటున్నాను.

ఆ డిసెంబర్ 20న రికీ పోయాడు. ఇంకో అయిదు రోజుల్లో 66 నిండేవి.

2025 నుంచి జట్టు శాక్రమెంటో పక్కన ఒక చిన్న లీగ్ మైదానంలో తాత్కాలికంగా ఆడుతోంది. లాస్‌వెగాస్ స్టేడియం 2028కి సిద్ధం చేయాలని లక్ష్యం. ఈలోగా ఏ ఊరి పేరూ పెట్టుకోకుండా ఒట్టి అథ్లెటిక్స్ అని పిలిపించుకుంటోంది. ఇంటిపేరు లేని జట్టు. టీవీలో వస్తే చూడ్డానికి ప్రయత్నించాను. ఆకుపచ్చ, పసుపు రంగులు అవే. రెండో ఇన్నింగ్స్‌కు ఛానెల్ మార్చేశాను.

కొలీజియం మాత్రం కూలిపోలేదు. 2025లో ఓక్లాండ్ రూట్స్ ఫుట్‌బాల్ జట్టు అక్కడ ఆడింది. 2025 జూన్ 12న ఎవరూ ఊహించని అతిథి వచ్చింది: క్రికెట్. మేజర్ లీగ్ క్రికెట్ సీజన్ మొదటి మ్యాచ్, శాన్‌ఫ్రాన్సిస్కో యూనికార్న్స్, వాషింగ్టన్ ఫ్రీడమ్ మధ్య. అంతకాలం అందరూ తిట్టిన ఆ గుండ్రటి ఆకారమే క్రికెట్‌కు అచ్చుగుద్దినట్టు సరిపోయింది. ఫిన్ ఆలెన్ 51 బంతుల్లో 151 కొట్టాడు. 19 సిక్సర్లు. అప్పటిదాకా టీ20 ఇన్నింగ్స్‌లో ఎవరూ అన్ని కొట్టలేదు. చుట్టూ తెలుగు, తమిళం, పంజాబీ. మా ముందు వరసలో వాడిపోయిన ఏస్ టోపీ పెట్టుకున్న పెద్దాయన ఒకడే. వికెట్ కీపర్ వెనక్కి పోయిన బంతికి పరుగులెందుకిచ్చారని అడిగాడు. ఇందులో ఫౌల్ లేదని మా అమ్మాయి చెబితే నమ్మలేనట్టు చూసి, ‘ఎటు కొట్టినా లెక్కేనా?’ అని రెండుసార్లు అడిగాడు.

అది చూస్తున్నంతసేపూ సంతోషంగానే ఉంది. అయినా నా కళ్లు మాటిమాటికీ రెండో బేస్ ఉండాల్సినచోట వెతికాయి.

శాన్‌ఫ్రాన్సిస్కో వైపు వచ్చేవాళ్లకు ఒక మాట. ఓక్లాండ్ విమానాశ్రయం నుంచి కొలీజియం స్టేషన్‌కు నేరుగా చిన్న రైలు ఉంది, పది నిమిషాలు కూడా పట్టదు. వంతెన దాకా నడిచి చూడండి. బేస్‌బాల్ కావాలంటే పశ్చిమ ఓక్లాండ్‌లోని రైమాండీ పార్కుకు వెళ్లండి. ఏస్ పోతుందని తెలిశాక ఊరివాళ్లు చందాలేసుకుని మరీ నిలబెట్టుకున్న ‘బాలర్స్’ అనే చిన్న జట్టు 2024 నుంచి అక్కడ ఆడుతోంది. 2025లో పయొనీర్ లీగ్ టైటిల్ కూడా కొట్టింది. సీట్లు కొద్ది వేలే, కాబట్టి ముందే టికెట్ తీసుకోండి. జూలై అయినా సరే చలికోటు మరవొద్దు, ఆరో ఇన్నింగ్స్‌కల్లా అఖాతం మీంచి గాలి మొదలవుతుంది. కుడివైపు కూర్చుంటే డప్పులు దగ్గరగా వినిపిస్తాయి.